హాప్స్, ఆల్కహాల్ ఉన్నా బీరు ఎందుకు పాడవుతుంది?

బీరులో ఆల్కహాల్, చేదు, పులుపు అన్నీ ఉండగా బ్యాక్టీరియా ఎలా బతుకుతుంది, ల్యాబ్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచి చూసే పోషకాల పళ్లెం) మీద ఏమీ పెరగకపోయినా సీసాలో బీరు ఎందుకు మబ్బుగా మారింది అని ఒకరు అడిగారు. బ్రూవరీ ల్యాబ్‌లో పనిచేసినవాడిగా చెబుతున్నాను: ముందు ఆ ప్లేటునే అనుమానించండి.

చాలా బ్యాక్టీరియా బీరులో నిజంగానే బతకలేదు. పీహెచ్ 4, 4.5 మధ్య, ఆక్సిజన్ దాదాపు లేదు, తేలికగా తినే చక్కెరలు ఈస్టే ఊడ్చేసింది. వీటికి తోడు హాప్స్ (బీరులో వేసే ఒక తీగ పువ్వులు) చేదు. ఆ చేదు పదార్థాలు ప్రోటాన్లను (పులుపుకు కారణమైన హైడ్రోజన్ అయాన్లను) కణంలోకి మోసుకెళ్లి వదులుతాయి, తిరిగొస్తూ మాంగనీస్‌ను బయటికి లాగేస్తాయి. లోపల పులుపు పెరిగేసరికి పోషకాలు తీసుకోలేక కణం చతికిలబడుతుంది.

తట్టుకునేవి కొన్నే, ముఖ్యంగా లాక్టోబాసిల్లస్ బ్రెవిస్, పీడియోకాకస్ డామ్నోసస్. వీటిలో చేదును వచ్చింది వచ్చినట్టే బయటికి తోడేసే పంపులుంటాయి. ఆ పంపుల తాలూకు హార్-ఎ, హార్-సి జన్యువులు తరచూ ప్లాస్మిడ్ల (ప్రధాన డీఎన్ఏకు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్కల) మీద ఉంటాయి కాబట్టి ఒకే జాతిలో ఒక స్ట్రెయిన్ (ఉపరకం) బీరును పాడుచేస్తే ఇంకోటి అందులోనే చస్తుంది. రిపోర్టులో జాతి పేరు చూసి టెన్షన్ పడేకంటే ఆ జన్యువులకు పీసీఆర్ (అవి ఉన్నాయో లేదో తేల్చే డీఎన్ఏ పరీక్ష) చేయించడం మేలు.

ఇక ప్లేటు సంగతి. బీరుకు బాగా అలవాటుపడిన కణాలు కొన్ని మామూలు ఎమ్ఆర్ఎస్ (ఇలాంటి బ్యాక్టీరియాను పెంచడానికి వాడే పోషక మాధ్యమం) మీద పెరగనే పెరగవు. మేం అందులో బీరే కలిపేవాళ్లం, ఈస్ట్ లేవకుండా సైక్లోహెక్సిమైడ్ అనే మందు వేసేవాళ్లం, ఆక్సిజన్ లేని జార్‌లో పెట్టి వారం దాటినా తీసేవాళ్లం కాదు. మొదట్లో ఖాళీగా ఉన్న ప్లేటు మీదే తర్వాత వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే సూదిమొనంత చుక్కలు కనబడేవి.

ముక్కును కూడా నమ్మండి. వెన్న వాసన వస్తే పీడియోకాకస్‌ను అనుమానించాలి (ఈస్ట్ సరిగా పనిచేయకపోయినా అదే వాసన వస్తుంది). కుళ్లిన గుడ్డు వాసన, పైగా మబ్బు ఉంటే పెక్టినేటస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. అది గ్రామ్-నెగటివ్ (కణం చుట్టూ అదనపు బయటి పొర ఉన్న రకం), హాప్స్‌ను పెద్దగా లెక్కచేయదు, ఆక్సిజన్ అంటేనే పడదు. నింపేటప్పుడు ఆక్సిజన్‌ను ఎంత బాగా తగ్గిస్తే దానికి అంత సుఖం.

సీసా మూత వేశాక పాశ్చరైజ్ చేయకపోతే (వేడితో సూక్ష్మజీవుల్ని చంపకపోతే) ఫిల్లర్ (సీసాలు నింపే యంత్రం) దగ్గరే వెతకండి. గాస్కెట్ల కింద, మూత వేసే తల చుట్టూ బీరు చిమ్మిన చోట జిగురు పొర కడుతుంది. స్వాబ్ (దూదిపుల్లతో తుడిచి తీసే నమూనా) శానిటైజర్ కొట్టాక కాదు, కొట్టకముందే తీయండి.