టెక్ సందేహాలు: కారు రిపోర్టులో అన్నీ పచ్చ టిక్కులే ఉంటే కొనేయొచ్చా?

ప్రశ్న: అనంతపురంలో ఒక కన్సల్టెన్సీలో 2019 మోడల్ డీజిల్ కారు చూశాం. ఏపీ 39 నంబరు. ఫస్ట్ ఓనర్, 62 వేలే తిరిగింది, యాక్సిడెంట్ ఏమీ లేదు అంటున్నారు. వాట్సాప్‌లో ఇన్‌స్పెక్షన్ రిపోర్టు పంపారు, అన్నీ పచ్చ టిక్కులే. షోరూం సర్వీసు బిల్లులు నాలుగు, ఇన్సూరెన్సు కాపీ కూడా ఇచ్చారు. అవన్నీ మీకూ పంపుతున్నా. అడ్వాన్సు ఇచ్చేయమంటారా? – ధర్మవరం పాఠకుడు

ఇప్పుడే ఇవ్వకండి. రిపోర్టు అబద్ధమని నేను అనట్లేదు, కానీ అది ఒక్క రోజు సంగతి మాత్రమే చెబుతుంది. ఆ రోజు ఇంజిన్ స్టార్టయింది, ఏసీ చల్లగా వచ్చింది, లైట్లు వెలిగాయి, అంతే. కారును నమ్మొచ్చా లేదా అన్నది తేలాలంటే ఈ ఆరేళ్లలో దానికి ఏమేం జరిగిందో తెలియాలి, పైగా ఈ రిపోర్టు తీయించింది అమ్మేవాళ్లే.

బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండితే చాలు, ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష చేయించాల్సిందే. అక్కడ ఎవరైనా సరే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కారు నంబరు కొట్టి, ఏ ఏడాది పాసైంది, ఎందుకు ఫెయిలైంది, అప్పటికి మీటరు రీడింగ్ ఎంత, ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు, 2005 నుంచి రికార్డు ఉంది. మన దగ్గర సొంత కారుకు 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లేదాకా ఫిట్‌నెస్ పరీక్షే లేదు. టాక్సీలకైతే ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఉంటుంది. సొంత కారుకు మధ్యలో ఉండేది పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక్కటే, దాంట్లో బ్రేకుల గురించీ సస్పెన్షన్ గురించీ ఏమీ ఉండదు. అందుకే మన కారు చరిత్రను మనమే ముక్కలు ముక్కలుగా పోగు చేసుకోవాలి. మీ చేతిలో ఉన్న ఆ నాలుగు బిల్లులు ఆ పచ్చ టిక్కులన్నిటికన్నా ఎక్కువ చెబుతున్నాయి.

ఒక కాగితం మీద తేదీ, రీడింగ్ పక్కపక్కన రాయండి. 2020 జూన్‌లో 14,200. 2021 మార్చిలో 27,000. 2022 ఫిబ్రవరిలో 45,000. 2022 నవంబరులో 58,600. అంటే ఏడాదికి సుమారు 18 వేలు తిరుగుతున్న కారు ఇది. ఆ తర్వాత బిల్లు లేదు. ఇన్నాళ్లకు మీటరు మీద 62 వేలు! తిరుగుడు ఒక్కసారిగా ఆగిపోయిందంటే నిజమైన కారణాలు ఉండొచ్చు, ఓనరు ఉద్యోగం మారి ఉండొచ్చు, ఇంట్లో ఇంకో కారు వచ్చి ఉండొచ్చు, కాదనను. మీటరు వెనక్కి తిప్పి ఉండొచ్చు కూడా. కన్సల్టెన్సీ వాళ్లను కాదు, ఓనరునే ఫోన్లో పట్టుకుని అడగండి, "2022 తర్వాత సర్వీసు ఎక్కడ చేయించారండీ?" అని. నిజంగా బయట మెకానిక్ దగ్గర చేయించిన మనిషి ఆ షెడ్డు ఎక్కడుందో వెంటనే చెబుతాడు.

డ్రైవర్ డోరు తెరిచి పక్క పిల్లర్ మీద, బానెట్ లోపల కూడా చూడండి. బయట షెడ్లలో ఆయిల్ మార్చినప్పుడు చిన్న స్టిక్కరు అంటిస్తారు, తేదీ, అప్పటి రీడింగ్, మళ్లీ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో పెన్నుతో రాసి. కారు కడిగి, పాలిష్ కొట్టి, సీటు కవర్లు మార్చిన వాళ్లు కూడా ఈ స్టిక్కరు పీకడం మర్చిపోతుంటారు. దాని మీద 88,000 అని కనిపిస్తే ఇంక మాట్లాడేదేం లేదు, వచ్చేయండి. టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ కూడా చూడండి, 1419 అని ఉంటే 2019లో 14వ వారంలో తయారైందని. కారుతో వచ్చిన టైర్లే ఇంకా ఉండి, గాడి కూడా బాగా మిగిలి ఉంటే తక్కువ తిరిగిందన్న మాటకు బలం వచ్చినట్టే. కాకపోతే మన ఎండలకు ఆరేళ్ల రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది, నాలుగు టైర్ల ఖర్చు బేరంలో తగ్గించమనండి.

ఇక అసలు విషయం. ఆ బిల్లుల్లో ఏం మార్చారన్నది అమ్మకందారుకు అక్కర్లేదు, మీకు కావాలి. బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, సస్పెన్షన్ బుష్‌లు, 45 వేల దగ్గర బ్యాటరీ, ఇవన్నీ వాడితే అరిగేవే, మార్చారంటే ఓనరు కారును పట్టించుకున్నాడని అర్థం. నన్ను ఆపింది వేరే లైను. నాలుగింట మూడు బిల్లుల్లో "కూలెంట్ టాపప్" అని ఉంది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమే కూలెంట్, అది మూసి ఉన్న సిస్టంలో తిరుగుతుంది, ప్రతి సర్వీసుకూ పోయాల్సిన అవసరం రాకూడదు. పోస్తున్నారంటే ఎక్కడో పోతోంది. హోస్ పైపు, రేడియేటర్, వాటర్ పంపు దగ్గర లీకయితే ఖర్చు మనం భరించగలిగిందే. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) అయితే మాత్రం ఇంజిన్ విప్పాలి, లోపల హెడ్ వంగిందా అన్న టెన్షన్ కూడా ఉంటుంది. మే నెల ఎండలో ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని హైవే ఎక్కితే టెంపరేచర్ ముల్లు పైకి పోయేది ఇలాంటి కారుకే. ఒకసారి పాడై సరిగ్గా బాగుచేసిన భాగం గురించి నేను దిగులు పడను, ఒకే కంప్లైంట్ రెండోసారి, మూడోసారి రాసి ఉంటేనే భయపడతాను. పొద్దున్నే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి, వేడి మీద ఆ మూత తీయకూడదు, చెయ్యి కాలుతుంది. మీ మెకానిక్‌తో మూత తీయించి కూలెంట్ రంగు చూపించండి, ప్రెషర్ టెస్ట్ చేయించండి. అప్పుడు లీకు ఎక్కడుందో తెలుస్తుంది.

ఇన్సూరెన్సు కాపీలో ఎన్సీబీ, అంటే క్లెయిం పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే నో క్లెయిం బోనస్, 20 శాతం అని ఉంది. క్లెయిం లేకుండా గడిచే కొద్దీ అది 20, 25, 35, 45, 50 అని పెరుగుతుంది, ఒక్క క్లెయిం పెడితే మామూలుగా సున్నాకు పడిపోతుంది. ఆరేళ్లుగా ఒకే ఓనరు, ఒక్క దెబ్బ కూడా లేదు అన్నప్పుడు 20 దగ్గర ఎందుకుంది? ఈ మధ్య క్లెయిం పెట్టి ఉండాలి, లేదా గడువు దాటి 90 రోజులకు పైగా రెన్యూ చేయకుండా వదిలేసి ఉండాలి, లేదా కారు చేతులు మారి ఉండాలి, ఎందుకంటే ఆ బోనస్ మనిషిదే, కారుది కాదు. ఆర్సీలో ఓనర్ సీరియల్, అంటే ఎన్నో ఓనరో చెప్పే అంకె, చూడండి. అది 1 అయితే క్లెయిం వివరాలు ఓనరునే ఇన్సూరెన్సు కంపెనీ నుంచి తెప్పించమనండి. చిన్న బంపరు గీతే అయి ఉండొచ్చు, దాచితేనే సమస్య.

ఏపీ 39 గురించి ఒక మాట. పాత కార్ల మీద 02 చూస్తే అనంతపురం, 04 అంటే కడప, 21 అంటే కర్నూలు అని తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకే సిరీస్ కావడంతో నంబరు ప్లేటు చూసి కారు ఏ ఊరిదో చెప్పలేం. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో రిజిస్టర్ చేసిన ఆఫీసు పేరు ఉంటుంది, చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి, 2022 అక్టోబరులో మన అనంతపురం కాలనీల్లోకే నీళ్లొచ్చాయి. అక్కడి కార్లన్నీ చెడ్డవని కాదు, పరీక్షించకుండా మాత్రం తీసుకోవద్దు. సీటు బెల్టును చివరిదాకా లాగండి, రోజూ బయటికి రాని ఆఖరి జానెడు ముక్క మీద బురద చార ఉంటే మునిగిన కారే. సీటు కింద రైలు బోల్టుల తుప్పు కూడా అదే చెబుతుంది.

చివరగా, ఓనరును వెంటబెట్టుకుని ఆ కారు కంపెనీ షోరూం సర్వీసు సెంటరు ఏదో ఒకదానికి వెళ్లండి. ఆ కంపెనీ సెంటర్లలో దేశంలో ఎక్కడ చేయించినా సాధారణంగా సిస్టంలో కనబడుతుంది, 2022 తర్వాత ఎంట్రీ ఉందో లేదో అక్కడే తేలుతుంది. ఓనరు రానంటే నేనైతే ఆ కారు వదిలేస్తాను.

ప్రశ్న: కారు కంప్యూటర్‌లోని ఫాల్ట్ కోడ్లు (లోపాల గుర్తులు) ఫోన్లో చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నాను. సెకండ్ హ్యాండ్ కారుకు పెట్టి చూస్తే ఫాల్ట్ కోడ్లు ఏవీ లేవు. కారు బాగున్నట్టేనా? అన్నట్టు, మా తమ్ముడి ఐఫోన్‌కు ఇది కనెక్టే కావట్లేదు. – ఆదోని పాఠకుడు

కోడ్లు లేవంటే రెండు అర్థాలు. నిజంగా లేకపోవచ్చు, మీరు రాకముందే ఎవరో చెరిపేసి ఉండొచ్చు. చెరపడం అర నిమిషం పని. అందుకే యాప్‌లో ఇంకో రెండు చోట్ల చూడండి. రెడీనెస్ మానిటర్లు అని ఉంటుంది, అంటే కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు, కోడ్లు చెరిపినా బ్యాటరీ తీసి పెట్టినా ఇవి మళ్లీ మొదటికొస్తాయి, కారును కొన్ని రోజులు మామూలుగా నడిపితేగానీ పూర్తి కావు. చాలా వరకు "ఇన్‌కంప్లీట్" అని చూపిస్తే ఈ మధ్యే తుడిచారన్నమాట. రెండోది, కోడ్లు చెరిపాక తిరిగిన దూరం, చాలా కార్లలో ఇదీ కనిపిస్తుంది. అక్కడ 12 కిలోమీటర్లు అని ఉంటే, ఎందుకు చెరిపారని నేరుగా అడగండి. సర్వీసు చేయించాం అంటే ఆ బిల్లు చూపించమనండి. లేదంటే వారం ఆగి వస్తామని చెప్పి, మళ్లీ పెట్టి చూడండి.

ఐఫోన్ సంగతి: మీరు కొన్నది పాత రకం బ్లూటూత్‌ది, అది ఆండ్రాయిడ్‌కే పనిచేస్తుంది. ఐఫోన్‌కు వైఫై రకం గానీ "బ్లూటూత్ లో-ఎనర్జీ" (బీఎల్‌ఈ) రకం గానీ కావాలి. సెట్టింగులు మార్చి లాభం లేదు.

ప్రశ్న: లోను ఎప్పుడో తీరిపోయిందని అమ్మే ఆయన అంటున్నారు, ఎంపరివాహన్ యాప్‌లో మాత్రం బ్యాంకు పేరు కనిపిస్తోంది. – ప్రొద్దుటూరు నుంచి ఒక టీచరమ్మ

కంతులు కట్టేసినంత మాత్రాన ఆర్సీలో బ్యాంకు పేరు దానంతటదే పోదమ్మా. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (బాకీ లేదని రాసిచ్చే పత్రం), ఫారం 35 పెట్టి రవాణా శాఖలో ఎత్తివేయించుకోవాలి, చాలామంది ఆ పని చేయకుండానే వదిలేస్తారు. కాబట్టి ఆయన చెప్పేది నిజమే కావచ్చు. అయినా ఎన్‌ఓసీ ఒరిజినల్ మీరు కళ్లతో చూడండి, యాప్‌లో ఆ పేరు పోయాకే మిగతా డబ్బు ఇస్తామని ముందే చెప్పండి.