లెఫ్ట్ ఫీల్డ్‌లో ఎవరినైనా నిలబెట్టవచ్చా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. వాక్యం నడక బాగుంది. మూడో పేజీ దగ్గర మాత్రం ఒళ్లు మండింది. "సెంటర్ ఫీల్డ్‌కు సరైనవాణ్ని చూసుకుంటే చాలు, లెఫ్ట్ ఫీల్డ్‌లో ఎవరినైనా నిలబెట్టవచ్చు" అని రాశావు. (బేస్‌ల వెనక నుంచి గోడ దాకా ఉండే నేల అవుట్‌ఫీల్డ్; బ్యాటర్ వైపు నుంచి చూస్తే ఎడమది లెఫ్ట్, నడుమది సెంటర్, కుడిది రైట్.) బేస్‌బాల్ జట్టును కంప్యూటర్‌లో నడిపే ఆటల గురించి రాసేవాళ్లు ఒకరి దగ్గర విని మరొకరు అప్పజెప్పే మాట ఇది. నువ్వూ అప్పజెప్పావు.

ఎవరినైనా అంటే ఏ మైదానంలో? ఏ పిచర్ బంతి వేస్తుండగా? ఈ రెండు ప్రశ్నలూ వేసుకోకుండా అవుట్‌ఫీల్డ్ గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదని నా పట్టుదల. నీకు చాదస్తంగా అనిపించినా సరే. ముందు బంతి ఎక్కడికి వస్తుందో రాయాలి. అక్కడ నిలబడే మనిషి సంగతి ఆ తర్వాత.

బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కునే తీసుకో. లెఫ్ట్ లైన్ (ఎడమ హద్దు గీత) వెంట గోడ 310 అడుగుల దూరంలోనే ఉంది, ఎత్తు మాత్రం 37 అడుగులు. అక్కడి లెఫ్ట్ ఫీల్డర్ కాపాడుకోవాల్సిన నేల తక్కువ. కాళ్లు కాస్త నెమ్మదించినవాడు కూడా నెట్టుకురాగలడు. కానీ గోడకు తగిలిన బంతి ఎటు తిరిగివస్తుందో పసిగట్టాలి. అక్కడ లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడిన కార్ల్ యాస్ట్రెమ్‌స్కీకి ఏడు గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్‌కు ఇచ్చే అవార్డులు) వచ్చాయంటే ఆ గోడతో ఆయనకున్న పరిచయం చిన్నదేమీ కాదు. ఇప్పుడు డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్‌కు రా. సముద్రమట్టానికి సుమారు 5,200 అడుగుల ఎత్తు, పలచని గాలి, బంతి దూరం పోయే చోటు. అందుకే గోడలను బాగా వెనక్కి కట్టారు. లెఫ్ట్ లైన్ మీదే 347 అడుగులు. గోడ వెనక్కి జరిగిన కొద్దీ ఫీల్డర్ చుట్టూ ఖాళీ నేల పెరుగుతుంది. ఫెన్‌వేలో నెట్టుకొచ్చిన ఆ బరువైన హిట్టర్‌నే ఇక్కడ నిలబెడితే, సింగిల్‌తో (బ్యాటర్ ఒక్క బేస్ మాత్రమే చేరే దెబ్బతో) ఆగాల్సిన బంతి అతన్ని దాటి గోడ దాకా దొర్లుతుంది. ఆటగాడు అతనే, రేటింగ్ అదే, ఫలితం వేరు.

అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ లాంటి కంప్యూటర్ ఆటలో అవుట్‌ఫీల్డర్‌కు రేంజ్ (ఎంత నేల కాపాడగలడు), ఎర్రర్ (తప్పులు చేయకపోవడం), ఆర్మ్ (విసిరే బలం) అని వేర్వేరు రేటింగులు ఉంటాయి. స్థానానికి ఇంత అని ఒక అంకె కూడా కనిపిస్తుంది. నువ్వు ఆ ఒక్క అంకెనే నమ్ముకున్నావు. పైగా ఒక పట్టిక వేసి, స్థానం కష్టాన్ని బట్టి 162 మ్యాచ్‌ల సీజన్‌కు సెంటర్ ఫీల్డర్‌కు 2.5 పరుగులు కలిపి, పక్కల ఉన్న ఇద్దరికీ 7.5 చొప్పున తీసేశావు. లెక్కలో తప్పు లేదు, బేస్‌బాల్ గణాంకాల వెబ్‌సైటు ఫ్యాన్‌గ్రాఫ్స్ వాడేదీ అదే. కానీ లెఫ్ట్‌కూ రైట్‌కూ ఒకే అంకె ఉండడం చూసి నీకు అనుమానం రాలేదా? అది సగటు. సగటు మీద జట్టును నిలబెట్టలేం.

రైట్ ఫీల్డర్‌కు బలమైన చెయ్యి ఎందుకు కావాలో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. "ఆర్మ్ ఎక్కువ ఉన్నవాణ్ని రైట్‌లో పెట్టండి" అని ఊరుకున్నావు. 2001 ఏప్రిల్ 11న ఓక్లాండ్‌లో జరిగిన మ్యాచ్ చూపించి ఉంటే ఒక్క పేరాతో పనైపోయేది. ఓక్లాండ్ ఆటగాడు టెరెన్స్ లాంగ్ ఫస్ట్ బేస్ (పరుగు కోసం వరుసగా తాకాల్సిన నాలుగు బేస్‌లలో మొదటిది) మీద ఉన్నాడు. రైట్ ఫీల్డ్‌లోకి సింగిల్ పడింది. లాంగ్ సెకండ్ దాటి థర్డ్‌కు పరుగెత్తాడు. సియాటిల్ తరఫున అమెరికాలో అదే తొలి సీజన్ ఆడుతున్న ఇచిరో బంతి అందుకుని విసిరాడు. అది గీత గీసినట్టు నేరుగా థర్డ్ బేస్‌మన్ గ్లవ్‌లోకి వచ్చింది. లాంగ్ అవుట్. రైట్ నుంచి థర్డ్‌కు దూరం ఎక్కువ, లెఫ్ట్ నుంచి తక్కువ. ఆ దూరాన్ని కళ్లకు కట్టిస్తే చదివేవాడు రేటింగును తనే వెతుక్కుంటాడు.

ఇంకొకటి. పక్కల ఆడేవాళ్ల వైపు వచ్చే బంతి గాలిలో ఫౌల్ లైన్ (ఆ పక్క హద్దు గీత) వైపు వంగుతుంది. కుడిచేతి బ్యాటర్ లాగి కొట్టినా, ఎడమచేతి బ్యాటర్ ఎదురు దిక్కుకు కొట్టినా, లెఫ్ట్ ఫీల్డర్‌కు అది లైన్ వైపే జారిపోతుంది. సెంటర్ ఫీల్డర్ బెడద వేరు. సూటిగా తల మీదికి వచ్చే బంతి లోతెంతో తేల్చుకోవడం అతనికి కష్టం. అందుకే సెంటర్ నుంచి పక్కకు మార్చిన ఆటగాడు కొత్త చోట కుదురుకోవడానికి సమయం పడుతుంది. సీజన్‌కు ముందు జరిగే స్ప్రింగ్ ట్రెయినింగ్‌లోనే అతన్ని అక్కడ ఆడించమని నువ్వు రాయాల్సింది.

ఇవన్నీ రాస్తే ఎవరు వేసుకుంటారని అడుగుతావు. నాకు తెలుసు. ఒక సంపాదకుడు నా వ్యాసంలోంచి గోడల ప్రస్తావన అంతా కొట్టేసి, పట్టిక ఒక్కటే ఉంచి, పైన "గెలుపుకు పది చిట్కాలు" అని శీర్షిక పెట్టాడు. నేను ఒప్పుకోలేదు. దాంతో చాలా కాలం అక్కడ నాకు చోటు లేకపోయింది. ఈ చిట్కాల జబ్బు ఇప్పటికీ వదల్లేదు. అవుట్‌ఫీల్డ్ మొత్తాన్ని ఒకే ముద్దగా చూడడం సంపాదకుల దగ్గరే మొదలవలేదులే. 1961 నుంచి 2010 దాకా గోల్డ్ గ్లవ్‌ను కూడా ఏ పక్క ఆడారన్నది చూడకుండా ముగ్గురు అవుట్‌ఫీల్డర్లకు ఇచ్చేవారు. లెఫ్ట్‌కు, సెంటర్‌కు, రైట్‌కు విడివిడిగా ఇవ్వడం 2011లో మళ్లీ మొదలైంది. అంతకాలం మంచి లెఫ్ట్ ఫీల్డర్లు సెంటర్ ఫీల్డర్లతో పోటీపడాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధే.

నీ చివరి పేజీలో ఒక వాక్యం ఉంది: "ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి లెఫ్ట్ ఫీల్డర్‌ను దాటిపోవడంతో ఆ సీజన్ ముగిసింది." ఎవరినైనా నిలబెట్టవచ్చన్న చోటే నీ జట్టు ఓడింది! నువ్వు గమనించావో లేదో గానీ, నాకు అక్కడ గుండె పట్టేసినట్టయింది. వయసు మీరిన ఆ హిట్టర్‌ను అమ్మడానికి మనసొప్పక లెఫ్ట్‌లో ఉంచానని అంతకుముందే రాశావు. అసలు వ్యాసం అదే. దాన్ని ఒక్క వాక్యంలో ముగించి, పట్టికకు రెండు పేజీలు ఇచ్చావు.

ఆ మ్యాచ్ లాగ్ (బంతి బంతికీ ఆట నమోదు) తెరువు. పిచర్ ఫ్లై బాల్స్ (గాలిలోకి లేచే బంతులు) ఎక్కువ ఇచ్చేవాడా, గ్రౌండ్ బాల్స్ (నేల మీద దొర్లే బంతులు) రాబట్టేవాడా? బ్యాటర్ ఏ చేతివాటం? మైదానం ఎవరిది? బెంచీ మీద చురుకైన కాళ్లున్న కుర్రవాడు ఉండి కూడా ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎందుకు మార్చలేదు? ఆధిక్యంలో ఉన్నప్పుడు తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆట చివర్లో లెఫ్ట్ ఫీల్డర్‌ను మార్చడం ఏ మేనేజరైనా చేసే పనే కదా. నువ్వెందుకు చేయలేదో రాయి. పట్టిక తీసెయ్యి. వ్యాసం తిరగరాసి నెలాఖరులోగా నాకే పంపు, ఇంకెవరికీ ఇవ్వకు.