ఘాట్‌లో హైబ్రిడ్ కారు పికప్ పడిపోతే ముందు చూడాల్సింది

మీ హైబ్రిడ్ కారు (ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది) తిరుమల ఘాట్ సగం దాకా బాగానే లాగి, తర్వాత పికప్ పడిపోయిందని అడిగారు కదా. దాని బ్యాటరీకి గాలి ఆడటం లేదనిపిస్తోంది. బ్యాటరీ వేడెక్కితే కంప్యూటర్ మోటారుకిచ్చే కరెంటు తగ్గించేస్తుంది. బరువంతా ఇంజిన్ మీద పడుతుంది.

1. డిస్‌ప్లేలో బ్యాటరీ గీతలు చూడండి. అడుగంటాక పికప్ తగ్గితే చార్జ్ అయిపోయినట్టే, అది కొంత మామూలే. సగం ఉండగానే తగ్గితే వేడినే అనుమానించాలి.

2. అందరూ వదిలేసేది ఇదే. చాలా కార్లలో వెనక సీటు కిందో పక్కనో చిన్న జాలీ ఉంటుంది. బ్యాటరీ ఫ్యాన్ గాలి పీల్చేది అక్కడి నుంచే. బ్యాగులు, దుప్పట్లు అడ్డం పెట్టకండి. కారు ఆఫ్ చేసి జాలీ తీసి, లోపలి ఫిల్టర్ చూడండి. మా కారులో దుమ్ము, కుక్క వెంట్రుకలు కలిసి దూదిలా అట్టకట్టి ఉన్నాయి. మెత్తని బ్రష్‌తో దులిపితే చాలు. నారింజ రంగు వైర్లు మాత్రం ముట్టుకోవద్దండీ, ప్రాణాలకే ప్రమాదం.

3. ఎక్కేటప్పుడు ఏసీ ఆపకండి. బ్యాటరీ ఫ్యాన్ పీల్చేది కారు లోపలి చల్లగాలినే.

4. అయినా సమస్య తగ్గకపోతే మెకానిక్ చేత స్కానర్ (కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే పరికరం) పెట్టించి బ్యాటరీ ఉష్ణోగ్రత, ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చేది) చల్లబరిచే కూలెంట్ పంపు చూడమనండి.