24 నెలల వడ్డీలేని గిటారు, 25 రోజుల అత్యవసర నిధి

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నాకు 36 ఏళ్లు. హెచ్‌1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యది హెచ్‌4 (హెచ్‌1బీ ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసా), ఉద్యోగం లేదు. పాపకు మూడేళ్లు. అద్దె 2,400 డాలర్లు, ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపే 500తో కలిపి నెల ఖర్చు 5,200 అవుతుంది. 1,100 దాకా మిగులుతుంది. బ్యాంకులో 6,000 ఉన్నాయి. కాలేజీ రోజుల నుంచి గిటారు వాయిస్తున్నాను. డి ఏంజెలికో ఎక్సెల్ డీసీ మీద మనసుపడ్డాను. కొరియాలో తయారైంది, 1,800 డాలర్లు చెబుతున్నారు. అదే బ్రాండులో ఇండోనేషియాలో చేసిన ప్రీమియర్ 800కే వస్తోంది. స్టోర్ కార్డు (షాపు పేరుతో ఇచ్చే క్రెడిట్ కార్డు) తీసుకుంటే 24 నెలలు వడ్డీ లేదంటున్నారు. నా ఫ్రెండు మాత్రం 401కె (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి 5,000 లోన్ తీసుకుని యాంప్లిఫయర్ కూడా కొనుక్కోమంటున్నాడు. ఆ వడ్డీ మన ఖాతాకే వస్తుందట, డి ఏంజెలికో ధర కూడా ఏటా పెరుగుతుందట. దిగుమతి గిటారు కొనడం లాభమేనా? ఏది కొనమంటారు?

జవాబు: గిటారు మంచిదే. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ 6,000. ముగ్గురున్న ఇల్లు, ఒక్క జీతం, వీసాతో ముడిపడిన ఉద్యోగం. చేతిలో ఉన్నది నెలన్నరకు కూడా చాలని డబ్బు. గిటారు బదులు కెమెరా, ట్రెడ్‌మిల్, సోఫా సెట్ అని మార్చితే ఇదే ఉత్తరం నాకు తరచూ వస్తుంది. అందరూ ఏది కొనాలని అడుగుతారు. ఏ డబ్బుతో కొంటున్నారో చివర్లో ఒక్క వాక్యంలో చెబుతారు. నేను ఆ వాక్యం నుంచే చదవడం మొదలుపెడతాను.

ముందు ధర పెరుగుతుందన్న మాట సంగతి చూద్దాం. అసలు పొరపాటు అక్కడే ఉంది. జాన్ డి ఏంజెలికో 1932లో న్యూయార్క్ లిటిల్ ఇటలీలో, కెన్‌మేర్ వీధి 40వ నంబరులో దుకాణం తెరిచాడు. ఒకరిద్దరు సహాయకులతో, స్ప్రూస్ చెక్కను ఉలితో చెక్కి, వాయించే మనిషి కోరినట్టు ఒక్కొక్క గిటారూ చేసేవాడు. 1964లో 59వ ఏట చనిపోయేనాటికి ఆయన చేతిమీదుగా వచ్చినవి సుమారు 1,160 మాత్రమే. ఆయన దగ్గర పని నేర్చుకున్న జిమ్మీ డి అక్విస్టో ఆ తర్వాత సొంత పేరుతో గిటార్లు చేసి పేరు తెచ్చుకున్నాడు. ఈ గురుశిష్యులు చేసిన వాయిద్యాలను 2011లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రత్యేక ప్రదర్శనలో పెట్టింది. వేల డాలర్లకు, కొన్ని పదుల వేలకు అమ్ముడయ్యేవి అవి. చేసిన మనిషి లేడు, ఆ సంఖ్య ఇక పెరగదు. అందుకే వాటికి ఆ ధర.

మీరు చూసిన గిటారుకు వచ్చింది ఆ పేరు, ఆ అలంకారం. తీగలను కింద పట్టి ఉంచే, మెట్లు మెట్లుగా దిగే టెయిల్‌పీస్, తల మీద ఆకాశహర్మ్యం బొమ్మ, బంగారు రంగు మరలు చూడగానే పాత న్యూయార్క్ గుర్తొస్తుంది, నిజమే. కానీ బ్రాండు పేరు చేతులు మారి, మళ్లీ నిలబడ్డాక గిటార్లు వచ్చేది ఫ్యాక్టరీల నుంచి. మీ డీసీ ఒంటికి వాడింది పొరలు అతికించి అచ్చులో వంచిన మేపుల్ చెక్క. రెండు వైపులా కోత ఉన్న ఆ ఆకారం కూడా కొత్త కంపెనీదే, ఆ పెద్దాయన ప్రసిద్ధమైంది పెద్ద ఒళ్లు, ఉబ్బెత్తు పైభాగం ఉన్న ఆర్చ్‌టాప్ గిటార్లతో. దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో రాయాలన్నది అమెరికా చట్టం. షాపులో గిటారును ఒకసారి తిరగేసి ఆ ముద్ర చూడండి. ఆ ముద్ర ఉన్న గిటార్లు ఈ ఏడాదీ వస్తాయి, వచ్చే ఏడాదీ వస్తాయి. షాపు గుమ్మం దాటగానే అది సెకండ్ హ్యాండ్ ధరకు దిగుతుంది.

దీన్నిబట్టి అది నాసిరకమని అనుకోకండి. కొరియా ఫ్యాక్టరీలు దశాబ్దాలుగా మంచి గిటార్లు చేస్తున్నాయి, ఇండోనేషియావాళ్ల పనితనమూ బాగా మెరుగుపడింది. పొరల మేపుల్ అంటే చవకబారుతనం కూడా కాదు. యాంప్లిఫయర్‌కు కలిపి వాయించేటప్పుడు కీచుమనే ఫీడ్‌బ్యాక్‌ను అది తగ్గిస్తుంది. వాయించుకోవడానికి కొంటే పూర్తిగా తగిన వస్తువు. ఆస్తి అనుకుని కొంటే మాత్రం మోసపోతారు. మీ ఫ్రెండు ఈ రెండిటినీ కలిపేశాడు.

ఇక ఆ స్టోర్ కార్డు. '24 నెలల్లో మొత్తం కడితే వడ్డీ లేదు' అన్న మాటలో 'మొత్తం' అన్న పదాన్ని రెండుసార్లు చదవండి. ఇలాంటి కార్డుల్లో చాలావాటికి వడ్డీ మొదటి రోజు నుంచే లెక్కలో పేరుకుంటూ ఉంటుంది, మీకు కనబడదు. నెలకు 70 కట్టారనుకోండి. 24 నెలలకు 1,680 అయింది, 120 మిగిలింది. గడువు దాటిన రోజున వడ్డీ ఆ 120 మీద మాత్రమే పడదు. మొదటి నెల 1,800 మీద, రెండో నెల 1,730 మీద, ఇలా రెండేళ్ల వడ్డీ మొత్తం ఒకేసారి వచ్చి మీద పడుతుంది. రేటు 30 శాతమైతే అది దాదాపు 600 డాలర్లు. 120 బాకీ ఉన్న మనిషికి 720 బిల్లు. ఇది దొంగచాటు వ్యవహారమేమీ కాదు, మీరు సంతకం పెట్టే కాగితంలోనే ఉంటుంది. బిల్లులో చూపే కనీస చెల్లింపు కట్టుకుంటూ పోతే గడువులోగా అప్పు తీరుతుందన్న భరోసా కూడా లేదు.

401కె లోన్ గురించి వింటే నాకు ఓపిక నశిస్తుంది. వడ్డీ మీ ఖాతాకే వస్తుందన్నది నిజమే, అది సగం కథ. ఉద్యోగం పోతే ఏమవుతుందో మీ ఫ్రెండు చెప్పలేదు. చాలా ప్లాన్లలో ఉద్యోగం మానగానే మిగతా లోన్ మొత్తం బాకీ పడుతుంది. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్ను గడువులోగా సర్దలేకపోతే దాన్ని మీరు వాడుకున్న ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు. 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి పైన 10 శాతం పెనాల్టీ. అంటే జీతం ఆగిన రోజుల్లోనే ఈ అప్పు మెడకు చుట్టుకుంటుంది. యాంప్లిఫయర్ కోసం రిటైర్మెంట్ డబ్బు తాకట్టు పెట్టకండి. నా దగ్గరికి వచ్చే ఎవరికైనా ఇదే చెబుతాను.

ఇప్పుడు నేను నిజంగా మాట్లాడాల్సిన విషయం. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు అత్యవసర నిధి అనేది మిగతావాళ్లకు లాగా కేవలం ఒక మంచి అలవాటు కాదు, అవసరం. ఉద్యోగం పోతే మీకు ఉండేది గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు అంతకన్నా ముందే ముగిసిపోతే అంతవరకే. ఆలోగా కొత్త కంపెనీ మీ పిటిషన్ దాఖలు చేయాలి, లేదా మీరు వీసా స్టేటస్ మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి, అదీ కాకపోతే పెట్టె సర్దుకోవాలి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఉద్యోగంతోపాటే పోతుంది. కోబ్రా (ఉద్యోగం పోయాక కూడా అదే ఇన్సూరెన్స్ కొన్నాళ్లు ఉంచుకోనిచ్చే చట్టం) కింద కొనసాగించుకోవచ్చు. అప్పుడు ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటాతో సహా ప్రీమియం మొత్తం, దాని మీద 2 శాతం ఖర్చులు మీరే కట్టాలి. కుటుంబానికి నెలకు 2,000 దాటడం మామూలే. మూడేళ్ల పాప ఉన్న ఇంట్లో ఇన్సూరెన్స్ వదిలేస్తామని నాతో అనకండి.

5,200కు ఆ 2,000 కలపండి. 7,200. మీ 6,000తో ఎన్నాళ్లు గడుస్తాయి? 25 రోజులు. ప్రభుత్వం ఇచ్చిన 60 రోజుల గడువులో సగం కూడా కాదు. మధ్యలో తొలగిస్తే మీ ఒక్కరి తిరుగు ప్రయాణ ఖర్చు చట్టప్రకారం కంపెనీ భరించాలి. భార్యాపిల్లల టికెట్లు, లీజు మధ్యలో ఖాళీ చేస్తే వచ్చే నష్టం, సామాన్లు పంపే ఖర్చు మీవే.

మూడేళ్ల కిందట నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం ఇంటికి వెళ్లాను. అంతకు రెండు రోజుల ముందు పొద్దున్నే ఆ ఇంటాయన ఆఫీసు లాప్‌టాప్ తెరుచుకోలేదు, మధ్యాహ్నానికి లేఆఫ్ అని ఫోన్ వచ్చింది. ఫ్రిజ్ మీద ఆయన భార్య 60 గళ్లు గీసిన కాగితం అంటించారు. ఎర్ర స్కెచ్ పెన్నుతో రెండు గళ్లు కొట్టేసి ఉన్నాయి. టేబుల్ మీద పాప పాల గ్లాసు పక్కన బ్యాంకు స్టేట్‌మెంటు. అందులో ఆరు నెలల ఖర్చు ఉంది. అది ఉండబట్టే 20వ రోజున సగం జీతానికి వచ్చిన ఆఫర్‌ను ఆయన కాదనగలిగాడు. సరైన ఉద్యోగానికి పిటిషన్ 52వ రోజున దాఖలైంది. అదే వారంలో నేను మాట్లాడిన ఇంకో ఇంట్లో నిధి లేదు. మొదటి ఆఫర్‌కే తలొగ్గారు, కార్డుల మీద అద్దె కట్టారు. ఆ అప్పు ఇప్పటికీ తీరలేదు. ఇద్దరి చదువులూ ఒకటే, అనుభవమూ ఇంచుమించు ఒకటే. ఆ రెండు ఇళ్లూ చూశాక నేను ఈ మాట ఎవరికీ మెల్లగా చెప్పలేకపోతున్నాను.

మీరు చేయాల్సింది ఇదీ. మీ మొదటి లక్ష్యం 15,000. అంటే 60 రోజులు ఇన్సూరెన్స్‌తో సహా నిలబడగల మొత్తం. తర్వాత దాన్ని ఆరు నెలల ఖర్చుకు పెంచాలి. నెలకు మిగిలే 1,100లో 950ని జీతం పడిన రోజే వేరే బ్యాంకులోని సేవింగ్స్ ఖాతాకు ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. డెబిట్ కార్డు లేని ఖాతా అయితే ఇంకా మంచిది. మిగతా 150 గిటారుకు. తొమ్మిదిన్నర నెలల్లో 15,000 పూర్తవుతుంది, పదో నెలకు గిటారు డబ్బు 1,500 అవుతుంది. కంపెనీ ఇచ్చే గ్రూప్ లైఫ్ ఇన్సూరెన్స్‌ను లెక్కలోకి తీసుకోకండి, అది కూడా ఉద్యోగంతోనే పోతుంది. మీ పేరున విడిగా టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ప్రీమియం కోసం గిటారు వాటా కొంచెం తగ్గినా ఫర్వాలేదు. పాప చదువుకు 529 పొదుపు ఖాతా, రిటైర్మెంట్‌కు రోత్ ఐఆర్ఏ ఖాతా, ఖమ్మంలో ప్లాటు, అన్నీ 15,000 తర్వాతే.

పది నెలల తర్వాత ఏది కొనాలంటారా? అప్పటికి చేతిలో 1,500 నగదు ఉంటుంది కాబట్టి వాడిన ఎక్సెల్ కోసం వెతకండి. కొత్తదాని ధరలో మొదట పడే కోత అప్పటికే ఇంకొకరు భరించి ఉంటారు. తల, మెడ కలిసే చోట సన్నని పగులు ఉందేమో వెలుతురులో చూడండి, పడిపోయిన గిటార్లకు దెబ్బ తగిలేది అక్కడే. మెడ పొడవునా ఒక కన్ను మూసి చూసి వంకర లేదని తేల్చుకోండి. ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) అంచులు వేలికి గీరుకోకూడదు. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటండి, ఎక్కడా బుర్రుమనకూడదు. సరైన ఎక్సెల్ దొరకకపోతే ప్రీమియర్ నిక్షేపంలా కొనుక్కోండి. ఇంట్లో, కమ్యూనిటీ ఫంక్షన్లలో వాయించుకునేవాళ్లకు అది బాగా సరిపోతుంది. మిగిలిన 700లో మంచి కేసు, చిన్న యాంప్లిఫయర్ కూడా వచ్చేస్తాయి.

స్టోర్ కార్డు దరఖాస్తు ఇంకా పంపకపోతే పంపకండి. గిటారు ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే బిల్లు తీసి వాపసు గడువు చూడండి. ఈ వారంలోనే తిరిగి ఇచ్చేసి, కార్డు బాకీ సున్నా అయిందని కాగితం తీసుకుని, నాకు ఒక మాట రాయండి.