కంప్యూటర్‌కు వేడి చేస్తుందా?

సందేహం: మా ఇంటి కంప్యూటర్‌లో ప్రాసెసర్ 85 డిగ్రీలు చూపిస్తోంది. ‘సురక్షిత ఉష్ణోగ్రత ఎంత?’ అని రాస్తే మా అబ్బాయి ఆ మాట తప్పన్నాడు. మా అమ్మేమో ‘కంప్యూటర్‌కు వేడి చేసింది’ అంటుంది. ఏది ఒప్పు?

సమాధానం: ముందు అమ్మగారి మాట చూద్దాం. వేడి చేయడం ఒంటికే. మామిడిపళ్లు వరసగా నాలుగు తింటే మనకు వేడి చేస్తుంది, మజ్జిగ తాగితే చలవ చేస్తుంది. పాలు కాగుతాయి, పెనం కాలుతుంది, యంత్రం వేడెక్కుతుంది. అయినా ఆవిడను దిద్దకండి. ఫ్యాను అలా రొద పెడుతుంటే జ్వరం వచ్చి మూలుగుతున్నట్టే ఉంటుంది మరి!

ఇక ‘సురక్షిత’. సురక్షితం అంటే చక్కగా కాపాడబడినది. ‘ప్రయాణికులు సురక్షితం’ అంటే కాపాడింది ప్రయాణికులను. ఇక్కడ కాపాడుకోవలసింది ప్రాసెసర్‌ను, ఉష్ణోగ్రతను కాదు. మీ అబ్బాయి అభ్యంతరం ఇదే అయ్యుంటుంది. కానీ ‘సురక్షిత తాగునీరు’ అందరి నోటా స్థిరపడ్డాక ఆ వాదానికి పస తగ్గింది. నేనైతే తప్పనను. ‘మా ప్రాసెసర్ ఎంత వేడిని తట్టుకుంటుంది?’ అంటే మాత్రం ఇంకా తెలుగుగా ఉంటుంది, అసలు విషయమూ అదే. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లయిన రైజెన్ 7000 వరసలో ఎక్కువవాటికి 95. ఆ హద్దు తగిలితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా మీరితే కంప్యూటర్ ఆగిపోతుంది. పెద్ద గేమో, వీడియో ఎడిటింగో నడుస్తున్నప్పుడు 85 అయితే గాబరా పడకండి. ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడూ 85 అయితే, కరెంటు తీసేసి పక్క మూత విప్పి చూడండి. ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మ, అదే హీట్‌సింకు, దాని రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉండవచ్చు.

మీరు అడగకపోయినా ఒక మాట. ఉష్ణ, ఉగ్రత కలిస్తే గుణసంధి వల్ల ఉష్ణోగ్రత అయింది. వేడి ఎంత తీవ్రంగా ఉందో చెప్పే కొలత అది. కొలత పెరుగుతుంది, తగ్గుతుంది, అంతే. మే నెల రాగానే ‘ఉష్ణోగ్రతలు మండిపోతున్నాయి’ అని వార్తల్లో చదివినప్పుడల్లా నాకు చిరాకు. మండేది ఎండ. రామగుండంలోనో విజయవాడలోనో ఆ ఎండకు గదే 40 దాటితే, ఫ్యాను విసిరేదీ ఆ గాలే. డిసెంబరులో 70 చూపిన ప్రాసెసర్ అదే పనికి మేలో 85 చూపడం వింతేమీ కాదు.