ఆకారం ముందు చేతికి, పేరు తరువాత

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పాపకు మూడేళ్లు నిండాయనీ, ఆకారాలు ఎలా నేర్పాలో చెప్పమనీ రాశావు. పేర్లకు తొందరపడవద్దు. 1837లో జర్మనీలో చిన్నపిల్లల కోసం బడి ప్రారంభించిన ఫ్రోబెల్ వారికి మొదట ఇచ్చినవి మెత్తని బంతులు, ఆ తరువాత చెక్కతో చేసిన గోళం, స్థూపం, ఘనం. గోళం ఎటు తోసినా దొర్లుతుంది, ఘనం కూర్చున్నచోటే ఉంటుంది, స్థూపమైతే పడుకోబెడితే దొర్లుతుంది, నిలబెడితే నిలుస్తుంది. ఈ తేడా పాప చేతికి తెలిశాక చెప్పిన పేరు మనసులో నిలుస్తుంది.

నేను చూసినంతలో పెద్దలు ఎక్కువగా పొరబడేది త్రిభుజం దగ్గర. మనం ఎప్పుడూ మూడు భుజాలూ సమానంగా, అడుగు నేలకు ఆనినట్టుగానే గీస్తాం. అందువల్ల సన్నగా సాగినదాన్నో, తలకిందులైనదాన్నో చూపితే పిల్లలు త్రిభుజం కాదంటారు. వారు మొదట భుజాలూ మూలలూ లెక్కించరు, మొత్తం రూపాన్ని బట్టే గుర్తుపడతారని డచ్ గణితోపాధ్యాయ దంపతులు వాన్ హీలేలు 1957లోనే వివరించారు. ఒకసారి చతురస్రాకారపు అట్టముక్కను కొంచెం తిప్పి మూలపై నిలబెడితే, నా దగ్గరున్న పిల్లవాడు అది గాలిపటమన్నాడు. నేను తప్పని అనకుండా అట్టను అతని చేతికే ఇచ్చాను. అటూ ఇటూ ఎన్నోసార్లు తిప్పి, చివరకు "తిరిగింది, మారలేదు" అన్నాడు. ఆ మాట వాడే కనుక్కున్నాడన్న సంతోషం నాకు ఇప్పటికీ ఉంది.

దీర్ఘచతురస్రం పేరులో "దీర్ఘ" ఉన్నా, నాలుగు భుజాలుండి మూలలన్నీ లంబకోణాలైతే చాలు. కాబట్టి చతురస్రం దానికి వేరని మాత్రం చెప్పకు, తరువాత ఆ మాటను మరిపించడం కష్టం.

బొమ్మల పుస్తకం చదివేటప్పుడు ఒక్కో పుట దగ్గర ఆగి, బొమ్మ అంచు వెంట పాప వేలిని నడిపించి, "త్రిభుజమని ఎలా తెలిసింది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికపట్టు. పుటమీద బంతి బొమ్మ వృత్తంగా కనిపిస్తుంది, చేతిలోని బంతి గోళం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపు. చెక్కఘనాన్ని కాగితంపై ఉంచి చుట్టూ గీత గీసి పైకెత్తితే, కింద మిగిలిన చతురస్రాన్ని పాప తానే చూస్తుంది. మూడు పుటలకే పుస్తకం మూసేస్తే మూయనివ్వు. అట్ట మూలలను తడుముతుందేమో గమనించు.

నీ పెద్దమ్మ