బాల్టిమోర్‌లో క్రాబ్ కేక్ ఎక్కడ తినాలంటే

చిన్నా,

వాషింగ్టన్‌లో మీ అక్క దగ్గర దిగి ఒక రోజు బాల్టిమోర్ చూసొస్తానన్నావు కదా, ఆ రోజు పొద్దున టిఫిన్ తక్కువ తిను, మధ్యాహ్నం క్రాబ్ కేకే నీ భోజనం, అంటే పీత కండని ఉండలా చేసి వేయించిందో కాల్చిందో. గోదావరి జిల్లా వాళ్ళం, పీతల రుచి మనకి ఒకరు చెప్పక్కర్లేదు, కానీ అక్కడ పులుసు లేదు, కారం లేదు, మొత్తం పీత కండ మీదే నడుస్తుంది, అందుకే ఎక్కడ తింటావన్నది చాలా ముఖ్యం.

హార్బర్ దగ్గర కనిపించిన మొదటి హోటల్లో కూర్చోకు. నేరుగా లెక్సింగ్టన్ మార్కెట్‌కి వెళ్ళు, 1782లో మొదలైన మార్కెట్ అది. అందులో ఫెయిడ్లీస్ అని 1886 నాటి చేపల దుకాణం ఉంది, హంగులేమీ ఉండవు. జంబో లంప్ అని అడుగు. పీత ఈదే వెనక కాళ్ళని ఆడించే కండ అది, ఒక్కో పీతకి రెండే ఉంటాయి, చితక్కుండా తీయాలి, విరక్కుండా కలపాలి, ధర ఎక్కువ అందుకే. బ్యాక్‌ఫిన్ అయితే చిన్న తునకలు, కాస్త చవక. ఆదివారం మాత్రం వెళ్ళకు, వెళ్ళే ముందు టైమింగ్స్ చూసుకో.

ప్లేటు రాగానే ఫోర్కుతో విడదీసి చూడు. తెల్లటి కండ పెద్ద పెద్ద తునకలుగా విడిపోవాలి. గారెలాగా ఒకే ముద్దగా ఉంటే బ్రెడ్ పొడి ఎక్కువ వేశారన్నమాట, మళ్ళీ అక్కడికి వెళ్ళకు. మొదటి ముద్ద ఉత్తదే తిను, సాసు, నిమ్మకాయ తర్వాత, ఆ లేత తీపి తెలియాలంటే అదొక్కటే దారి.

ఇంకో మాట, బాల్టిమోర్ ఉన్నది మేరీల్యాండ్ రాష్ట్రంలో, కానీ మెనూలో మేరీల్యాండ్ స్టైల్ అని ఉన్నంత మాత్రాన పీత అక్కడి అఖాతం చెసాపీక్ బేది కానక్కర్లేదు, ఇండోనేషియా నుంచో వెనిజులా నుంచో వచ్చిన మాంసంతో కూడా చేస్తారు. మొహమాటపడకుండా అడుగు, మంచి చోటయితే సంతోషంగా చెప్తారు. చెసాపీక్‌లో పీతల సీజన్ ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా, చలికాలంలో అవి అడుగున బురదలో దూరిపోతాయి. వీలుంటే సెప్టెంబర్‌లో పెట్టుకో, అప్పటికి బాగా కండ పట్టి ఉంటాయి.

మార్కెట్‌కి వెళ్ళడం కుదరకపోతే బెంగపడకు, ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో లింథికమ్‌లో జీ అండ్ ఎమ్ ఉంది, అక్కడ బ్రాయిల్డ్ తీసుకో, పైనుంచి సెగ తగిలి అంచులు ఎర్రగా కాలి ఉంటాయి. బావకి రొయ్యలు పడవన్నావు కదా, పీత కూడా పడకపోవచ్చు, తనకి వేరే ఏదైనా చెప్పు.

మసాలా లేకుండా ఎలా అని నాలుక గోల పెడితే ఇంకో పూట ఆవిరి మీద ఉడికించిన పీతలు తిను. ఓల్డ్ బే లాంటి మసాలా దట్టంగా చల్లి, బల్ల మీద కాగితం పరిచి కుప్పగా పోస్తారు, చెక్క సుత్తితో కొట్టుకుంటూ తినాలి. దానికి పాత చొక్కా వేసుకుని వెళ్ళు, రెండు గంటలు తీరిక ఉంచుకో.

మీ పెదనాన్న